ఇల్లాలిని చూసి బండిని చూడు

మొన్న ఆదివారం మేం అమ్మకానికి పెట్టిన బండి చూడటానికి మా ఇంటికి ఒక జంట వచ్చింది. మా ఆయన చేతికర్ర పట్టుకుని ఆ అబ్బాయిని వెనకవైపు రేకుల షెడ్డులోకి తీసుకెళ్ళాడు. నేను వంటింట్లో వంకాయలు తరుగుతున్నాను. కాసేపటికి ఆ అమ్మాయి గడప దగ్గరికొచ్చి నిలబడింది.

"అక్కా, ఒక చెంచా ఇస్తరా?"

"ఏంది, టీల చక్కెర తక్కువైందా?" అన్నాను.

"కాదక్కా. చక్రం స్పోకుల మీద కొట్టి చూడాలంట. మా ఆయన అడిగి తెమ్మన్నడు."

కత్తిపీట మీద నా చెయ్యి ఆగిపోయింది. పాత బండి కొనడానికి వచ్చి వంటింట్లో చెంచా అడిగే పద్ధతి నాకు తెలిసి ఒక్క మనిషిది. ఆ మనిషి మొన్నటి చలికాలంలో పోయాడు. రెండు వీధుల అవతలే ఇల్లు. ఆయన చావుకు నేను వెళ్ళలేదు.

చెంచా ఇచ్చాను. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. షెడ్డులోంచి టింగు టింగుమని చప్పుడు మొదలైంది. వంకాయలు నల్లబడుతున్నా పట్టించుకోకుండా వింటూ కూర్చున్నాను.

అందరూ పెద్దన్న అని పిలిచే ఆయన మా గనిలో మట్టి మోసే డంపర్ తోలేవాడు. దాని ఒక్క చక్రమే మనిషికంటే ఎత్తుంటుంది. అంత దాన్ని మట్టి గుట్ట అంచు దాకా వెనక్కి తోలుకెళ్ళి, బిందెలో నీళ్ళు ఒంపినట్టు ఒంపేసి వచ్చే మనిషికి రెండు చక్రాల బండంటే వణుకు. తోలడు గాక తోలడు. ఎవరి వెనకైనా ఎక్కాల్సి వస్తే ఆడవాళ్ళలాగా రెండు కాళ్ళూ ఒక పక్కకే వేసి, తోలేవాడి భుజం పట్టుకుని కూర్చునేవాడు. అంత లావు మనిషి, రంగు వేసిన మీసం, పెళ్ళిళ్ళకు కూడా విప్పని గని బూట్లు, ఆ కూర్చోవడం! వీధిలో పిల్లలు నవ్వేవాళ్ళు. ఆయనా వాళ్ళకు చెయ్యూపేవాడు. ఎందుకట్లా అని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేవాడు. మా ఆయనకు మోకాలి నొప్పని చెప్పాడు. మంగలికి మూలశంకని చెప్పాడట. నేనడిగితే, "కాలెత్తితే ప్యాంటు పిగులుతది చెల్లె, పరువు పోతది" అన్నాడు. అసలు సంగతి ఎవరికీ తెలియలేదు.

అలాంటి మనిషి చుట్టూ ఆదివారం వచ్చిందంటే బండ్ల గుంపు. మా వైపు గని పనివాళ్ళలో, కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలే లారీ డ్రైవర్లలో కొందరికి ఈ పిచ్చి ఉంది. మట్టిలో, రాళ్ళలో తిరగడానికని చేసిన ఎత్తు బండ్లు వేసుకుని ములకలపల్లి అడవి అంచున జామాయిల్ తోటల బాటల్లో తిరుగుతారు. గనిలోంచి తోడి ఎప్పుడో పోసి వదిలేసిన మట్టి గుట్టల మీద ఎగురుతారు. ఎవరు ఎక్కువ ఎత్తు ఎగిరితే వాడికి ఆ పూట చికెన్ పకోడీ. కొత్త బండి కొనే తాహతు ఒక్కడికీ లేదు. అన్నీ ఒకరు వాడి వదిలించుకున్నవే. అందుకని ఎవరు కొనాలన్నా ముందు ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళు. మంచిదని పెద్దన్న ఏరాడంటే ఇక నోరెత్తేవాళ్ళు కాదు.

ఏరడానికి ఆయన చంకలో పాత పేపరు ఒకటి పెట్టుకుని బయల్దేరేవాడు. వెళ్ళగానే దాన్ని విప్పి ఇంజను కింద పరిచేవాడు. బండి చూడటం అయ్యేలోగా దానిమీద ఒక్క చుక్క నూనె పడినా మాట్లాడకుండా పేపరు మడిచి లేచేవాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును రెండు చేతులతో అదిమి, గొట్టం మీద వేలు రాసి, జిడ్డు తగిలిందేమో చూసుకునేవాడు. చైను తిరిగే చక్రం పళ్ళు కొక్కేల్లా వంగాయా అని చూసేవాడు. నేల మీద బోర్లా పడుకుని ఇంజను కింది రేకు చూసేవాడు. "ఎంత ఎగిరిందో బండి కడుపే చెప్తది" అనేవాడు. కొనేవాణ్ణి ఎక్కించి, పక్కనుంచి ఒక్క తోపు తోసేవాడు. కాలు నేలకు ఆనక వాడు తూలితే, "ఇది నీ బండి కాదు తమ్మీ, దిగు. సరదాకు తిరిగెటోనికి ఏనుగెందుకు, గుర్రం చాలు" అని దింపేసేవాడు.

ఇదంతా అయ్యాక చెంచా. వంటింటి గడప దాకా వచ్చి, లోపలికి తొంగి చూడకుండా, "చెల్లె, ఒక చెంచా ఉంటే ఇయ్యి" అని అడిగేవాడు. దాంతో స్పోకుల మీద ఒక్కొక్కటిగా కొడుతూ చెవి పెట్టి వినేవాడు. వదులైనది బొంగురుగా మోగుతుందట. నిజానికి స్పోకులు ఒక వంకే. చెంచా ఇవ్వడానికి మళ్ళీ గడప దగ్గరికి రావొచ్చు, అదీ ఆయన ఎత్తు. కుళాయి కింద కడిగి, తడి చెంచాను రెండు చేతులతో అందిస్తూ ఆ ఇంటావిడను ఒకే మాట అడిగేవాడు.

"ఈ బండి పోతాందంటే నీ మనసుకెట్లున్నది చెల్లె?"

పీడ పోతుందని ఆమె అంటే, అది ఎంత తళతళలాడే బండైనా ఇక ముట్టుకునేవాడు కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగితే తీసుకోమనేవాడు. "ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నరు పెద్దోళ్ళు. నేను ఇల్లాలిని చూసి బండిని చూడమంట. బండికి రంగేస్తే కొత్తదైతది. ఇంట్ల ఆడిమనిషి మొకానికి రంగెయ్యలేరు" అనేది ఆయన సిద్ధాంతం. "మా వదిన రోజూ వేస్తది గదా పెద్దన్నా" అని కుర్రవాళ్ళు ఆటపట్టిస్తే, "అందుకే మీ అన్న బండిని నేను కొననియ్య" అనేవాడు.

ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదా అంటే, తప్పింది. ఒకసారి ఎవరో ఇల్లాలు వలవలా ఏడ్చిందని కొనిపించిన బండి వారం తిరక్కుండా అడవి మధ్యలో ఇంజను పట్టేసింది. దాన్ని ట్రాక్టరుకు కట్టి లాక్కొస్తుంటే ఆయన ఆ బూట్లతో దారంతా పక్కన నడిచే వచ్చాడు. "ఆమె మంచిగ నాటకమాడింది రా. మెచ్చుకోవాలె" అని పడీ పడీ నవ్వాడు.

మా ఆయన గనిలో మట్టి తవ్వే షావెల్ నడిపేవాడు. ఆయనకూ ఈ పురుగు కుట్టింది. నేను ససేమిరా అన్నాను. అప్పుడు పెద్దన్న మా ఇంటికొచ్చి, నన్ను చెల్లెను చేసుకుని, మా ఆయన్ను బావను చేసుకుని, "నువ్వు గూడ రావాలె చెల్లె. కొనే ఇంటి ఆడిమనిషి రాకుంటే నేను రాను" అని మొండికేశాడు. కిరాయి ఆటో మాట్లాడుకుని ముగ్గురం తిరిగాం.

ములకలపల్లి దగ్గర చూసిన బండికి కాగితాల్లేవు. "చెక్‌పోస్టు కాడ ఆపితే బండి వాళ్ళది, నడక నీది" అని అక్కడ ఇంజను కూడా వినలేదు. సారపాకలో చూసిన బండి మాత్రం అబ్బ! మా ఆయన దాని చుట్టూ పెళ్ళికొడుకులా తిరిగాడు. పేపరు మీద చుక్క పడలేదు. స్పోకులన్నీ గంటల్లా మోగాయి. పెద్దన్న చెంచా కడిగి ఇచ్చి అడిగాడు. "పీడ ఇరగడైతదన్నా. జల్దీ తీస్కపోండ్రి" అంది ఆమె. అంతే, పేపరు మడిచాడు.

దారంతా మా ఆయన రుసరుసలే. "బండి ఎట్లున్నది! ఆమె ఏదో అన్నదని ఇడిసిపెట్టొస్తమా?"

"బండి బాగనే ఉన్నది బావ. ఆమెనే బాగ అరిగింది" అన్నాడు. నేను ఆటో బయటికి చూస్తూ కూర్చున్నాను.

చివరికి దొరికింది సత్తుపల్లి దాటాక, ఆంధ్రా వైపు ఒక ఊళ్ళో, ఒక పంతులుగారింట్లో. గీతలు పడ్డ పాత బండి, మరీ ఎత్తు లేదు, ఆర్భాటం లేదు. మా ఆయన కాళ్ళు నేలకు ఆనాయి. చెంచా అందుకుంటూ ఆవిడ కొంగు కళ్ళకద్దుకుంది. "ఆయనకి ట్రాన్స్‌ఫరండీ. ఇది లేకపోతే ఆదివారాలు ఎట్టా గడుస్తాయో" అంది. పెద్దన్న ముఖం విప్పారింది. బండి తాళం మగవాళ్ళ చేతుల మీదుగా మారనివ్వలేదు. ఆవిడ చేత్తో నాకు ఇప్పించాడు. "ఇది నీ కాడుండాలె చెల్లె. బావ అడిగి తీసుకోవాలె, తెచ్చి ఇయ్యాలె" అన్నాడు.

తిరుగుదారిలో నేనూరుకోలేక అడిగాను. "ఆమె బండి కోసమే ఏడ్చిందంటవా అన్నా?"

"ఎవరి కోసం ఏడ్చిందో మనకెందుకు చెల్లె. కళ్ళల్ల తడి ఉన్న ఇంట్ల బండిని గూడ మంచిగ చూసుకుంటరు" అన్నాడు.

అప్పట్నుంచి ఆ తాళం నా నడుముకు బీరువా తాళాలతో పాటే వేలాడింది. ఆదివారం పొద్దున మా ఆయన బడికెళ్ళే పిల్లాడిలా చెయ్యి చాపేవాడు. నేను కావాలని బతిమాలించుకుని ఇచ్చేదాన్ని. మధ్యాహ్నానికి నెత్తి నుంచి కాళ్ళ దాకా ఎర్రమట్టితో, పళ్ళు మాత్రమే తెల్లగా, నవ్వుకుంటూ వచ్చేవాడు. షిఫ్టు దిగి వచ్చిన ఏ రోజూ ఆ నవ్వు నేను చూడలేదు. ఆ నవ్వు ఇంటికి తెచ్చింది పెద్దన్నే. అది నేను ఒప్పుకోవాలి.

పోయిన ఏడు తొలకరిలో మా ఆయన పడ్డాడు. జామాయిల్ నరికిన చోట మొద్దులుంటాయి. వాటి మీద ఆకు రాలి, వాన పడి, నున్నగా కప్పేసింది. ముందు చక్రం మొద్దుకు తగిలింది. తొడ ఎముక విరిగింది. ఖమ్మం దవాఖానాలో రాడ్డు వేశారు. మనిషి దక్కాడు గానీ షావెల్ ఎక్కే కాలు కాదది. ఇప్పుడు గని గేటు దగ్గర కూర్చుని చేసే పని ఇచ్చారు. బండికేం కాలేదు. ఒక అద్దం కూడా పగల్లేదు, అసలు అద్దాలుంటేగా.

దవాఖానా నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు సాయంత్రం పెద్దన్న వచ్చాడు. ఎప్పుడూ గేటు దగ్గర్నుంచే "చెల్లె, టీ పెట్టు" అని అరిచేవాడు, ఆ రోజు గేటు దాటి లోపలికి రాలేదు. చంకలో పేపరు లేదు. మీసం అంచుల్లో తెల్ల వెంట్రుకలు కనిపించాయి. నేను వాకిట్లో గిన్నె పట్టుకుని గంజి వారుస్తున్నాను.

"నేనేరిన బండే గద చెల్లె" అన్నాడు.

ఆయన ఏం వినాలని వచ్చాడో నాకు తెలుసు. "నీదేం తప్పున్నదన్నా, లోపలికి రా" అంటే చాలు. బండి తప్పు కాదని, ఏరడం తప్పు కాదని నాకు తెలియకా? తెలుసు. కానీ మంచంలో ఉన్నవాణ్ణి తిట్టలేను. మొద్దును తిట్టలేను. దేవుణ్ణి అప్పటికే తిట్టేశాను. ఇంకెవరైనా దొరికితే బావుండునని నా కడుపు మండిపోతుంటే, ఈయన తన కాళ్ళ మీద తానే నడిచొచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"అవ్ అన్నా. నువ్వేరిందే" అన్నాను.

ఆయన తలూపాడు. రెండుసార్లు ఊపాడు, లెక్క సరిపోయిందన్నట్టు. బావ ఎట్లున్నడని కూడా అడగకుండా వెళ్ళిపోయాడు. వార్చిన గంజి సగం నా కాలి మీద పడిందని ఆయన వెళ్ళాకే తెలిసింది.

ఆ తర్వాత ఆయన బండ్లు ఏరడం మానేశాడు. కుర్రవాళ్ళు వస్తే, "చెవి సరిగ్గ ఇనవస్తలేదు రా, స్పోకులన్నీ ఒకే తీరుగ మోగుతున్నయ్" అనేవాడట. డ్యూటీకి మా వీధిలోంచి వెళ్ళేవాడు కాస్తా చుట్టూ తిరిగి వెళ్ళసాగాడు. పెద్దన్న ఏరిన బండి మనిషిని మంచాన పడేసిందని గుంపులో గుసగుసలు వినిపించాయి. మా ఆయన వాళ్ళను కసురుకున్నాడు. నేను మాత్రం పెదవి విప్పలేదు. రేపు చెప్దాం, పండక్కి పిలిచి చెప్దాం అనుకుంటూనే ఉన్నాను. చెప్తే నా కోపం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. నిజం చెప్పాలంటే, ఇంక మా ఆయన బండెక్కడని లోలోపల నాకు సంతోషంగా కూడా ఉండేది. ఆ సంతోషానికి సిగ్గేసి, ఆ సిగ్గును కూడా ఆ మనిషి మీదకే నెట్టాను.

చలికాలంలో ఒక తెల్లవారుజామున పెద్దన్న గుండె ఆగి పోయాడు. మా ఆయన కర్ర పట్టుకుని వెళ్ళాడు. నేను కుట్టి ఇవ్వాల్సిన పెళ్ళివారి జాకెట్లు అర్జెంటని చెప్పి ఉండిపోయాను. డప్పుల చప్పుడు మా వీధి చివరిదాకా వచ్చి మలుపు తిరిగింది. కుట్టుమిషను తొక్కుతూనే ఉన్నాను. ఆ రోజు కుట్టిన జాకెట్ల చేతులన్నీ మర్నాడు విప్పి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది.

షెడ్డులో చప్పుడు ఆగింది. ఆ అమ్మాయి వచ్చింది. చెంచా కడిగి తెచ్చింది. రెండు చేతులతో అందించింది. నేను అందుకున్నా ఆ అమ్మాయి కదల్లేదు.

"అక్కా, ఇంకోటి అడగాలంట. ఏమనుకోకుండ్రి."

"అడుగు."

"ఈ బండి పోతాందంటే మీ మనసుకెట్లున్నది?"

పీడ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకు రాదు? పొద్దున లేస్తే ఆ షెడ్డు తలుపు చూసి మొహం తిప్పుకునేది నేనే. పెదాలు బిగబట్టి, "ఇది మీ ఆయనకెవరు నేర్పిన్రు?" అని అడిగాను.

ఆ అమ్మాయి గడపకు ఆనుకుని మెల్లగా చెప్పింది. వాళ్ళాయన సారపాక మిల్లుకు కర్ర లారీ తోలుతాడు. చలికాలం ముందు బండి కొందామని పెద్దన్న దగ్గరికి వెళ్తే ఆయన రానన్నాడట. బతిమాలితే ఈ సంగతి చెప్పాడట.

"మీ బండి ఎప్పటికైన అమ్మకానికొస్తే అదే కొనుమన్నడంట అక్కా. నేను ఏరిన వాటిల్ల అంత మంచి బండి ఇంకోటి లేదన్నడంట. కాని ఆ ఇంటి చెల్లెను అడగకుంట కొనొద్దు, ఆమె పీడ అంటే ఉత్తగిచ్చినా వద్దు అన్నడంట." షెడ్డు వైపు ఒకసారి చూసింది. "ఆమె ఏమన్నదో వచ్చి నాకు చెప్పు, నేను అడగలేను అన్నడంట. మేం వచ్చేటాలకు ఆయననే లేకపాయె."

ఎంతమంది ఇళ్ళ గడపల దగ్గర నిలబడి ఆ ప్రశ్న అడిగాడు! నా గడప దగ్గరికి మాత్రం పరాయి పిల్లతో పంపాడు. నా నోటి నుంచి ఆ ఒక్క మాట విన్నాక ఇంకో మాట వినే ధైర్యం ఆయనకు లేకపోయింది. ఆ ధైర్యం చంపింది నేను.

"బాధగనే ఉన్నదమ్మా" అన్నాను. అబద్ధం చెప్పబోయానేమో, తీరా నోట్లోంచి వచ్చాక అది నిజమే అయింది. "మంచి బండి. మా ఆయన పడ్డది దీని మీదినుంచే, అది గూడ చెప్తున్న. ఆకుల కింద మొద్దు కనపడలే. బండిదేం తప్పు లేదు. ఏరినాయనది..." అంటూ చేతిలోని తడి చెంచాను కొంగుకు తుడిచాను. మళ్ళీ కూడదీసుకుని అన్నాను. "ఏరినాయనది అసలే తప్పు లేదు."

నడుముకున్న గుత్తిలోంచి తాళం తీయబోతే రింగు విడివడలేదు. గోరు విరిగింది. కళ్ళకేమీ కనబడలేదు. ఆ అమ్మాయే నా చేతిలోంచి గుత్తి తీసుకుని, తాళం విప్పుకుని, గుత్తి మళ్ళీ నాకిచ్చింది. బయటికెళ్ళి వాళ్ళాయనతో సంతోషంగా చెప్పడం నాకు వినబడింది. "తీసుకుందాం. ఆమె ఏడుస్తాంది."

బండి కోసం కాదు పిల్లా అని వెనక నుంచి కేకేద్దామనుకున్నాను. ఎవరి కోసమైతే మనకెందుకని ఆయనే అన్నాడు కదా, ఊరుకున్నాను.

సాయంత్రం ఖాళీ షెడ్డు ముందు మా ఆయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "పెద్దన్న ఉంటే ఖుషీ అయ్యేటోడు. ఏమన్నవే ఆ పిల్లతోటి?" అని అడిగాడు.

"ఆయన తప్పేం లేదని చెప్పిన" అన్నాను.

మా ఆయన కర్ర అందుకుని షెడ్డు తలుపు దగ్గరికి లాగాడు. ఆ మాట ఎవరికి చెప్పాలో వాళ్ళకు తప్ప, ఎక్కడిదో తెలియని పిల్లకు చెప్పాను. పెద్దన్న ఇల్లు రెండు వీధుల అవతలే. ఆయన ఉన్నప్పుడు వెళ్ళి చెప్పి రావడానికి చెప్పులు కూడా వేసుకోనక్కర్లేదు.